ఆపరేషన్ అయితే కార్డు పనిచేస్తుంది, థెరపీకి పనిచేయదు. రెండేళ్ల పిల్లడికి ఏం చెయ్యాలి?

రాజాం_అమ్మ
ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. మా బాబుకి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఏడో నెలలోనే పుట్టేశాడు, కిలోన్నర కూడా లేడు, 26 రోజులు ప్రభుత్వాసుపత్రిలో పసిపిల్లల ఐసీయూలో ఉంచారు. అక్కడ మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు, ఆ మాట ముందు చెప్పాలి. తొమ్మిది నెలలొచ్చినా కూర్చోలేదు. మా అత్తగారు "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అన్నారు, మాట రావాలని వస కూడా నాకించారు, నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. ఏడాదిన్నరకి విశాఖలో చూపిస్తే సెరిబ్రల్ పాల్సీ అన్నారు, మెదడుకి దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ అదుపులో ఉండని పరిస్థితి అట. కాళ్లు కత్తెరలా పడతాయి, చేతులు పర్వాలేదు, నవ్వుతాడు, పిలిస్తే పలుకుతాడు కానీ మాటలు మూడో నాలుగో అంతే.

వారానికి మూడు రోజులు ఫిజియో, రెండు రోజులు స్పీచ్ థెరపీ చేయించమన్నారు. సిట్టింగుకి 400. నెలకి 8 వేలు, ఆటోలూ బస్సులూ కాకుండా. మా ఆయన జీతం 17 వేలు. నాలుగు నెలలు చేయించాం, అయిదో నెల మానేశాం, నా పుస్తెల తాడు ఇంకా బ్యాంకులోనే ఉంది.

మాకు ఆరోగ్యశ్రీ కార్డు ఉంది (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు). ఒక ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర అడిగితే "అడ్మిట్ అయ్యే కేసైతే చూస్తాం, రేపు కాళ్లకి ఆపరేషన్ అవసరమైతే రండి, థెరపీకి ప్యాకేజీ లేదు" అన్నారు. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది, తప్పు ఆమెది కాదు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. థెరపీ చేయిస్తే ఆ ఆపరేషన్ దాకా రాకుండా ఉండొచ్చని డాక్టరే చెప్పారు. అంటే కాళ్లు బిగుసుకుపోయే వరకు ఆగాలా?

ఎవరికైనా ఏ పథకమైనా తెలిస్తే చెప్పండి. ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం కావాలో చెప్పినా చాలు.

---

నాగావళి_ఒడ్డు
ఆదివారం రాత్రి

అమ్మా, నేను వైద్య శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, శ్రీకాకుళం. ముందు ఆ కార్డు ఎందుకిలా ఉందో చెప్తాను. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు రాష్ట్రం మొత్తం మీద మూడు జిల్లాల్లోనే పెట్టారు. మహబూబ్‌నగర్, అనంతపురం, మన శ్రీకాకుళం. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్, కిడ్నీ, మెదడు, కాలిన గాయాలు, ఇలాంటి పెద్ద ఖర్చులకి పేదవాడు ఇల్లు అమ్ముకోకూడదని పెట్టిన పథకం అది. అందుకే దాని లెక్కంతా ప్యాకేజీల్లో ఉంటుంది. ఫలానా ఆపరేషన్‌కి ఇంత, ఇన్ని రోజులు బెడ్డు, డిశ్చార్జి, ఆసుపత్రికి డబ్బు. ఆయుష్మాన్ భారత్ అయినా అంతే, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు అంటారు కానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే.

మీ బాబుకి కావలసింది బెడ్డు కాదు. వారానికి అయిదు గంటలు, ఏళ్ల తరబడి. అది ఆ లెక్కలో పట్టదు. మీ తప్పేం లేదు.

ఒక్కటి అడుగుతాను, ఆర్‌బీఎస్‌కే (పిల్లలకి ప్రభుత్వం చేసే ఆరోగ్య పరీక్షల పథకం) కింద బాబుని ఎప్పుడైనా చూశారా? అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు టీమ్ రావాలి.

---

రాజాం_అమ్మ
సోమవారం ఉదయం

బాబాయి గారూ, ఒకసారి వచ్చారట, ఆ రోజు నేను బాబుని తీసుకుని మా పుట్టింట్లో ఉన్నాను. తర్వాత ఎవరూ పిలవలేదు.

---

ఫిజియో_టెక్కలి
సోమవారం ఉదయం

నేను ఫిజియోథెరపిస్టుని, తొమ్మిదేళ్లుగా ఎక్కువగా పిల్లల్నే చూస్తున్నాను. అక్కా, మొదట చేయాల్సింది ఇది. ఆర్‌బీఎస్‌కే 2013లో వచ్చింది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషకాహార లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు, అన్నీ కలిపి 30 రకాలు దాని కిందకి వస్తాయి. దాని కోసం జిల్లా స్థాయిలో పిల్లల లోపాల్ని చిన్నప్పుడే గుర్తించి చూసే కేంద్రం పెట్టారు, అదే డీఈఐసీ, మనవాళ్లు డెయిక్ సెంటర్ అంటారు. మార్గదర్శకాల ప్రకారం అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, కళ్లు చూసేవాళ్లు, పళ్ల డాక్టరు, స్పెషల్ ఎడ్యుకేటర్ అందరూ ఒకే చోట ఉండాలి. ఫీజు లేదు. కార్డు అడగరు, ఆదాయం అడగరు.

మంచి ఏర్పాటే. చిక్కల్లా దూరం. జిల్లాకి ఒక్కటి. రాజాం నుంచి అటు శ్రీకాకుళం వెళ్లినా ఇటు విజయనగరం వెళ్లినా బాబుని ఒళ్లో పెట్టుకుని గంటన్నర బస్సులో కూర్చోవాలి, తిరిగి రావాలి, అమ్మకి ఆ రోజు కూలి పోతుంది. వారానికి ఒకసారి వెళ్లడమే కష్టం. అక్కడ ఒక్కొక్కరికి అరగంట కూడా దొరకదు, బయట లైన్లో ఇంకో పదిమంది ఉంటారు కదా. అందుకని నేను తల్లులకి చెప్పేది, డెయిక్‌కి వెళ్లి పూర్తి పరీక్ష చేయించండి, ఇంట్లో ఏం చెయ్యాలో నేర్చుకుని వీడియో తీసుకోండి, నెలకి రెండుసార్లయినా వెళ్లి సరిచూసుకోండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, సమగ్ర శిక్ష (బడి చదువుల పథకం) వాళ్లది. అది ప్రధానంగా బడి వయసు పిల్లలకే కానీ ఫిజియో వచ్చే రోజు ఏదో కనుక్కుని వెళ్లి అడగండి, చిన్నపిల్లల్ని కూడా చూసే చోట్లున్నాయి.

ఇంట్లో చేస్తే చాలదా అంటారు కొందరు. ఇంట్లో చేయాలి, రోజూ చేయాలి. కానీ బిగుసుకున్న కండరాన్ని ఎంతవరకు లాగాలో తెలియకుండా లాగితే పిల్లడు ఏడుస్తాడు, అమ్మ భయపడి మానేస్తుంది, అదే నేను ఎక్కువగా చూస్తున్నది.

---

బొబ్బిలి_నాన్న
సోమవారం మధ్యాహ్నం

థెరపీకి ఆరోగ్యశ్రీ డబ్బివ్వదు అన్నారు కదా, పూర్తిగా అలా కాదు, మా పాప సంగతి చెప్తాను. మా పాపకి పుట్టుకతో వినపడదు. పదకొండు నెలలప్పుడు పళ్లెం కింద పడినా తిరిగి చూడలేదు, అప్పుడు అనుమానం వచ్చి విశాఖ తీసుకెళ్లి బెరా అనే వినికిడి టెస్టు చేయించాం. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవిలో పెట్టే వినికిడి మెషిన్) ఆరోగ్యశ్రీలోనే అయింది, నేను రూపాయి కట్టలేదు. ఆపరేషన్ ఒక్కటే కాదు, ఆ తర్వాత మెషిన్ ఆన్ చేసి సెట్ చేయడం, ఏడాది పాటు ఏవీటీ అని వినడం, మాట్లాడడం నేర్పించే థెరపీ, అది కూడా ప్యాకేజీలో ఉంది. మూడు నెలలకి ఒక విడత చొప్పున ఆసుపత్రికి డబ్బు వెళ్తుంది, పాప వచ్చినట్టు వాళ్లు రికార్డు చూపించాలి.

అంటే థెరపీకి డబ్బివ్వడం ఆరోగ్యశ్రీ నడిపే ట్రస్టుకి తెలుసు. థెరపీ లేకపోతే చెవిలో పెట్టిన లక్షల మెషిన్ దండగ అని వాళ్లకి అర్థమైంది కాబట్టి ఇచ్చారు. మరి సెరిబ్రల్ పాల్సీ పిల్లలకి, ఆటిజం పిల్లలకి, డౌన్ సిండ్రోమ్ పిల్లలకి ఎందుకివ్వరు? వాళ్లకి ముందు ఆపరేషన్ లేదు కాబట్టి ఫైలే తెరుచుకోదు, ఇదీ అసలు సంగతి. మా పాప ఇప్పుడు ఒకటో తరగతి, క్లాసులో మాట్లాడొద్దని టీచరు తిడుతున్నారని ఇంటికొచ్చి చెప్తుంది. ఆ ఏడాది థెరపీ డబ్బు మా జేబులోంచి పెట్టాల్సి వస్తే నేను మూడో నెలలోనే ఆపేసేవాణ్ణి.

---

ఉద్దానం_కోడలు
సోమవారం మధ్యాహ్నం

బొబ్బిలి అన్నయ్య చెప్పింది చదివాక నాకు మా మామయ్య గుర్తొచ్చారు. ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే. ఒకప్పుడు విశాఖ పోవాలి, పొద్దున్న వెళితే అర్ధరాత్రి రావాలి, చాలామంది ఆ తిరుగుడు పడలేక మధ్యలోనే మానేసి చనిపోయారు. తర్వాత సోంపేట, పలాస, కవిటిలో డయాలసిస్ సెంటర్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో పెద్ద కిడ్నీ ఆసుపత్రి కూడా తెరిచారు. డయాలసిస్ అంటే ఆపరేషన్ కాదు కదా. పొద్దున్న వెళ్లి నాలుగు గంటలు పడుకుని ఇంటికొచ్చేస్తారు, మళ్లీ ఎల్లుండి వెళ్తారు, అలా బతికున్నంత కాలం. దానికి కార్డు పనిచేస్తోంది కదా. వారానికి మూడుసార్లు డయాలసిస్ కుదిరినప్పుడు వారానికి మూడుసార్లు థెరపీ ఎందుకు కుదరదు? జనం గట్టిగా అడిగారు కాబట్టి అవి ఊళ్ల దగ్గరకి వచ్చాయి. పిల్లల సంగతి ఎవరూ అడగలేదు, ఎందుకంటే మనం పిల్లల్ని ఇంట్లోంచి బయటికే తీయం, పెళ్లిళ్లకి కూడా తీసుకెళ్లం.

---

గజపతినగరం_ఎస్
సోమవారం సాయంత్రం

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇన్సూరెన్స్‌లో థెరపీ పెడితే ఏమవుతుందో ఆలోచించారా? సిట్టింగుకి ఇంత అని రేటు కడితే రేపు విజయనగరంలో వీధికో థెరపీ సెంటర్ బోర్డు లేస్తుంది, చదువు లేనివాళ్లు కూడా కూర్చుంటారు, పిల్లడు రాని రోజు కూడా సంతకం పడుతుంది. ఆపరేషన్ అయితే కుట్టు కనపడుతుంది. థెరపీ జరిగిందో లేదో ఎవరు చూస్తారు? ఆ డబ్బేదో పెట్టి ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఒక ఫిజియోని, ఒక స్పీచ్ థెరపిస్టుని జీతం ఇచ్చి కూర్చోబెట్టండి. నర్సీపట్నం, పార్వతీపురం, పాలకొండ, టెక్కలి, రాజాం, అన్ని చోట్లా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి కదా. కార్డులు, క్లెయిములు, రిజెక్షన్లు, ఈ టెన్షన్ అంతా పేదవాడికి ఎందుకు?

---

ఫిజియో_టెక్కలి
సోమవారం రాత్రి

అన్నా, మీ భయం నిజమే, కాదనను. ఫీల్డులో ఉన్నవాణ్ణి, నాకు తెలుసు. కానీ చదువు ఉన్నవాళ్లెవరో తేల్చడం కష్టం కాదు. స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి, 1992 చట్టం నుంచి ఉన్న రూలు. ఆ నంబరు లేకుండా బిల్లు పాస్ చేయకపోతే సగం బోర్డులు లేవవు. మిగతా సగానికి బొబ్బిలి అన్న చెప్పిన పద్ధతే ఉంది, మూడు నెలలకోసారి పిల్లడిని వేరే డాక్టరు చూడాలి, అప్పుడు కూర్చోలేనివాడు ఇప్పుడు కూర్చుంటున్నాడా, మెడ నిలబడుతోందా, అది రాసి పెట్టాకే తర్వాతి విడత.

జీతాలిచ్చి మనుషుల్ని వేయడం అన్నిటికన్నా మంచిదే. రెండూ కావాలి అంటాను నేను. ప్రభుత్వ పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్లు పిల్లడి వయసు ఆగదు కదా. మూడేళ్ల లోపు మెదడు నేర్చుకునే వేగం తర్వాత ఉండదు.

---

చీపురుపల్లి_మాస్టారు
సోమవారం రాత్రి

రాజాం చెల్లెమ్మా, నీకు ఉపయోగపడేది ఒకటి ఉంది, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నిరామయ అని కేంద్రం వాళ్ల ఆరోగ్య బీమా. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నాలుగు రకాల వాళ్లకే ఇస్తారు: సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం. ఏడాదికి లక్ష రూపాయల వరకు. వయసు పరిమితి లేదు, ముందు మెడికల్ టెస్టు లేదు, ఉన్న జబ్బుని కవర్ చేయం అనే మాట లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఓపీ ఖర్చులు, మందులు, పరీక్షలతో పాటు థెరపీలు కూడా అందులో ఉన్నాయి. థెరపీకి విడిగా ఒక పరిమితి పెట్టారు, లక్ష మొత్తం థెరపీకి వాడుకోలేం, నీ 8 వేల ఖర్చు ఏడాదంతా రాదు, కానీ కొన్ని నెలల భారం తగ్గుతుంది. పేద కుటుంబానికి చేరేటప్పుడు 250 రూపాయలు, ఏటా రెన్యువల్‌కి 50. మిగతావాళ్లకి 500, రెన్యువల్ 250.

నేను మా అబ్బాయికి ఆరేళ్లుగా కడుతున్నాను. కష్టాలు కూడా చెప్తాను. ముందు నువ్వు డబ్బు పెట్టుకోవాలి, తర్వాత బిల్లులు పంపితే అకౌంట్లో వేస్తారు. డాక్టరు చీటీ మీద థెరపీ పేరు, వారానికి ఎన్నిసార్లు అని స్పష్టంగా ఉండాలి. బిల్లు మీద థెరపిస్టు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీలు ఉండాలి. మొదటి ఏడాది నేను తెల్లకాగితం మీద రాయించుకున్న రసీదులు పంపాను, అన్నీ తిరగ్గొట్టారు. పాలసీ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31, మధ్యలో చేరినా మార్చితోనే అయిపోతుంది, రెన్యువల్ మర్చిపోకు. నేషనల్ ట్రస్ట్‌లో రిజిస్టరైన సంస్థల ద్వారా అప్లై చేయాలి. కావలసిన కాగితాల్లో మొదటిది వైకల్య ధ్రువపత్రం.

---

రాజాం_అమ్మ
సోమవారం రాత్రి

మాస్టారూ, అక్కడే ఆగిపోయాను నేను. సదరం (ఆ వైకల్య ధ్రువపత్రం ఇచ్చే పరీక్ష) కోసం ఒక చోటికి వెళితే "ఇంకా చిన్నోడు కదమ్మా, అయిదేళ్లు నిండాక రండి" అని పంపేశారు. పైగా 2022లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, అటు వెళితే ఇటు, ఇటు వెళితే అటు అన్నారు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు. ఆ కాగితం లేక పెన్షన్ లేదు, ఈ బీమా కూడా లేదన్నమాట.

---

చీపురుపల్లి_మాస్టారు
సోమవారం రాత్రి

అయిదేళ్లు ఆగాలన్న రూలు లేదమ్మా. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక 2017లో చేసిన నిబంధనల్లోనే ఉంది, పరిస్థితి మారే అవకాశం ఉంటే ఫలానా కాలం వరకు అని రాసి తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వాలి. మేధో వైకల్యానికి కూడా 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాది నిండితే చాలు అన్నారు, అయిదేళ్ల వరకు గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే (ఎదుగుదలలో ఆలస్యం) అని రాసివ్వాలి. ఈసారి వెళ్లినప్పుడు "శాశ్వతం అక్కర్లేదు, తాత్కాలికం ఇవ్వండి" అని అడుగు. ఇవ్వం అంటే కారణం రాసిమ్మను, రాయమంటే చాలామంది ఆలోచిస్తారు. జిల్లా గొడవ ఏం లేదు, ఆధార్‌లో ఇప్పటి అడ్రసు ఉంటే నీది విజయనగరమే, సచివాలయంలో స్లాట్ బుక్ చేస్తారు. 40 శాతం, ఆపైన వస్తే పెన్షన్ 6,000. మా ఇంట్లో థెరపీ నడిచేది ఆ పెన్షన్ మీదే, బీమా దానికి తోడు.

---

పలాస_ఆశా
మంగళవారం ఉదయం

నేను ఆశా కార్యకర్తని. ఇది చదువుతుంటే బాధగా ఉంది, ఎందుకంటే తొమ్మిది నెలలప్పుడు ఆ బాబు కూర్చోలేదని చెప్పాల్సింది మాలాంటి వాళ్లమే. మాతా శిశు కార్డులో ఏ నెలకి ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. కానీ మమ్మల్ని అడిగేది టీకా వేశారా, బరువెంత అని. ఆ బొమ్మల పేజీ ఎవరూ అడగరు. నేను ఇప్పుడు నా ఊళ్లో చూస్తున్నాను, నాలుగు నెలలు దాటినా మెడ నిలబడకపోతే, తొమ్మిది నెలలకి కూర్చోకపోతే, ఏడాదిన్నరకి ఒక్క మాటైనా రాకపోతే, పేరు పెట్టి పిలిస్తే చూడకపోతే డాక్టరమ్మకి చెప్తాను. పోయినేడు ముగ్గుర్ని పంపాను. ఒక పిల్లడికి పాదం లోపలికి తిరిగి ఉంది, వారం వారం సిమెంటు కట్టు మార్చి సరిచేశారు, ఇప్పుడు పరుగెడుతున్నాడు. మిగతా ఇద్దరూ మొదటిసారి వెళ్లారు, రెండోసారి వెళ్లలేదు. నాన్నలు గుజరాత్‌లో చేపల పనిలో ఉన్నారు, అమ్మలు ఒక్కళ్లే, ఇంకో పిల్లని ఎవరి దగ్గర వదులుతారు? ఏ బీమా అయినా ఆ బస్సు ఖర్చు, ఆ రోజు కూలి లెక్కేస్తేనే మా ఊళ్లో పనిచేస్తుంది.

---

డల్లాస్_పాలకొండ
మంగళవారం ఉదయం

పాలకొండ మాది, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాం. గొప్పలు చెప్పడానికి కాదు, పద్ధతి ఎలా ఉంటుందో తెలిస్తే మీరు ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు పనికొస్తుందని రాస్తున్నా. మా చిన్నోడికి 20 నెలలకి మాటలు రాలేదు. ఇక్కడ వైకల్యం ఉన్న పిల్లల కోసం ఐడియా అని ఒక చట్టం ఉంది, దానిలో పార్ట్ సి పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు పిల్లలకి. ఎవరైనా, అమ్మయినా సరే, ఫోన్ చేసి మా వాడిని చూడండి అంటే 45 రోజుల్లోపు పరీక్షించి ప్లాన్ రాయాలి. పరీక్షకి డబ్బు తీసుకోరు. థెరపిస్టు ఇంటికే వచ్చేది, మా సోఫా మీద, మా వంటింట్లో నేర్పించేది, మమ్మల్ని కూడా కూర్చోబెట్టి.

డబ్బు ఎక్కడిదంటే, తక్కువ ఆదాయం పిల్లలకి మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా ఇస్తుంది. 1967లో వచ్చి 1989లో ఇంకా గట్టిపడిన నియమం ఒకటి దానిలో ఉంది, 21 ఏళ్లలోపు పిల్లలకి పరీక్షలో ఏదైనా తేలితే దానికి వైద్యపరంగా అవసరమైన చికిత్స, థెరపీతో సహా, ఇవ్వాల్సిందే. పరీక్ష ఒకళ్లు, డబ్బు ఒకళ్లు అని విడదీయలేదు, కనిపెడితే ఖర్చు కూడా నీదే అన్నారు. ఇక్కడా వెయిటింగ్ ఉంది, థెరపిస్టులు దొరకని ఊళ్లున్నాయి, రాష్ట్రానికో రకంగా ఉంటుంది. కానీ బెడ్డు మీద పడుకోబెడితేనే డబ్బు అనే మాట మాకు ఎదురుకాలేదు.

---

నాగావళి_ఒడ్డు
మంగళవారం మధ్యాహ్నం

పాలకొండ బాబు చెప్పింది ముఖ్యం. మన దగ్గర ఆర్‌బీఎస్‌కే కనిపెడుతుంది, ఆపరేషన్ అయితే ఆరోగ్యశ్రీకి పంపుతుంది, థెరపీ అయితే డెయిక్‌కి పంపి అక్కడితో వదిలేస్తుంది. ఆ రెండో దారికి వెనకాల డబ్బు లేదు.

అయితే ఇన్నాళ్లు ఇక్కడ మాట్లాడుకున్నది కాగితం మీద పెడదాం. మూడు మాటలే రాయండి, పొడవైతే ఎవరూ చదవరు. కాక్లియర్ పిల్లలకి ఇస్తున్నట్టే ఆరేళ్లలోపు ఎదుగుదల ఆలస్యం ఉన్న పిల్లలకి విడతల వారీగా థెరపీ ప్యాకేజీ. అది ఏరియా ఆసుపత్రుల్లో దొరికేలా, అమ్మకి దారి ఖర్చుతో. అయిదేళ్లలోపు పిల్లలకి సదరంలో తాత్కాలిక ధ్రువపత్రం. 2007లో ఆరోగ్యశ్రీని మొదట పరీక్షించిన మూడు జిల్లాల్లో మనది ఒకటి. దీన్ని కూడా ఇక్కడే మొదలుపెట్టమని అడుగుదాం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, నంబరు ఇస్తారు, ఆ నంబరు దాచుకోండి. రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి వాళ్లు విజయనగరంలో ఇవ్వండి, మేం శ్రీకాకుళంలో ఇస్తాం.

---

గజపతినగరం_ఎస్
మంగళవారం సాయంత్రం

ప్రభుత్వ థెరపిస్టు పోస్టులు నింపాలని కూడా నాలుగో మాటగా చేర్చండి, నేను సంతకం పెడతాను, విజయనగరం నేనే వస్తాను.

---

రాజాం_అమ్మ
శుక్రవారం రాత్రి

అందరికీ చెప్పాలి. సచివాలయంలో సదరం స్లాట్ దొరికింది, వచ్చే నెల 9న. "తాత్కాలికం ఇవ్వండి" అని మాస్టారు చెప్పిన మాటే చెప్పాను, ఈసారి వయసు గురించి ఏమీ అనలేదు. నిన్న డెయిక్‌కి కూడా వెళ్లొచ్చాం. రెండు గంటలు పట్టింది, కాళ్లకి వేసే చెప్పుల లాంటివి కొలత తీసుకున్నారు, ఇంట్లో చేయాల్సినవి ఆరు చూపించారు, మా ఆయన వీడియో తీశారు. మా అత్తగారు కూడా వచ్చారు, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడే బాబు కాళ్లు రెండూ విడదీసి పట్టుకుని కూర్చున్నారు.

సోమవారం అర్జీకి మా వీధి నుంచి ఇంకో ఇద్దరు అమ్మలు వస్తామన్నారు, ఒకావిడ పాపకి డౌన్ సిండ్రోమ్, ఇన్నాళ్లు పక్కింట్లో ఉన్నా నాకు తెలియదు. ఎనిమిదింటి బస్సుకి బయల్దేరుతాం. చీపురుపల్లిలో మాస్టారు ఎక్కుతారా?

---

చీపురుపల్లి_మాస్టారు
శుక్రవారం రాత్రి

ఎక్కుతానమ్మా, మా అబ్బాయిని కూడా తీసుకొస్తాను. అర్జీ నాలుగు కాపీలు నేను తెస్తాను, మీరు పిల్లల ఆధార్, డాక్టరు చీటీలు జిరాక్సులు తెచ్చుకోండి.